చల్లటి బానెట్

గురువారం, మధ్యాహ్నం 3.40. ఎగైలాలో ఒక కువైటీ ఇంటి గ్యారేజీ.

1969 ఇంపాలా బానెట్ లేచింది. సుధారాణి చేతిలోని టార్చ్ ఇంజిన్ నంబర్ దగ్గర ఆగింది.

"ఇది కారుతో వచ్చిన ఇంజిన్ కాదు."

పాత కార్లు కొనేవాళ్ల తరఫున తనిఖీ చేయడం ఆమె పని. ఇవాళ పిలిపించింది అబూ హలీఫాలో ఏసీ వర్క్‌షాప్ నడిపే అచ్చిబాబు.

పనివాళ్లు బాబా అని పిలిచే ఇంటి పెద్ద రంజాన్ నెలలో పోయాడు. ఆయన భార్యని మామా అంటారు. కొడుకులు కారు అమ్మకానికి పెట్టారు. బాబా ఎప్పుడో కొని, బిగించకుండా దాచిన కొత్త ఇంజిన్ కూడా ఉంది. రెండింటిలో ఏది కావాలో కొనేవాళ్ల ఇష్టం.

"ఈ ఎండలకి కొత్తదే మేలన్నారండీ అందరూ," అన్నాడు అచ్చిబాబు. "కారుతో పుట్టిన ఇంజిన్ లేకపోతే కొనేది రేకు డబ్బానే కదండీ!"

అతను కోరిన పాతది మాయం. కొత్తదే పాత రంగు పూసుకుని దాని చోట కూర్చుంది.

పదకొండేళ్లుగా గ్యారేజీ తాళాలు డ్రైవర్ తిమ్మయ్య దగ్గరే. రేపు ఉదయం అతను ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, రాయచోటికి వెళ్లిపోతున్నాడు. పెద్ద కొడుకు ఫోన్‌లో ఒకటే మాట అన్నాడు. ఐదింటికి పోలీసులొస్తారు.

పక్కనే ఉన్న తిమ్మయ్య ఇంజిన్ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. మళ్లీ తడిమాడు. ముఖం పాలిపోయింది.

"ఏం వెతుకుతున్నావు?"

"ఏం ల్యా మేడం."

"బానెట్ చివరిసారి ఎప్పుడెత్తావు?"

"ఎండాకాలం లీవుకు పోకముందు. వచ్చినాంక బాబా లేని బండి ముట్టుకోను మనసు రాల్యా."

పనిమనిషి రెడ్డెమ్మ వాకిట్లోనే ఉంది. గొంతు తగ్గించింది.

"గురువారం నాలుగున్నరకు బాబా బండి మోగుతాది మేడం. పరిగెత్తుకొచ్చి చూస్తే బానెట్ సల్లగా ఉంటాది. నాకు బయ్యం."

"ఆ టైంలో మామా ఎక్కడుంటారు?"

"తలుపేసుకుని ప్రార్థన చేసుకుంటాది."

సుధారాణి ఇంటి చుట్టూ నడిచింది. అచ్చిబాబు వెనకే వచ్చాడు. వెనక గది గోడ దగ్గర ఆగిపోయాడు.

"ఏసీ తీసేసిన కంతలో ఇనప గొట్టం ఏంటండీ? చుట్టూ మసి!"

4.25. అందరూ వాకిట్లోకి వచ్చారు. నల్లటి అబాయాలో మామా కూడా. సాంబ్రాణిలాంటి బఖూర్ పొగ వాసన. దాని అడుగున పెట్రోలు.

"అందరూ నంబర్ చూశారు," అంది సుధారాణి. "నేను తిమ్మయ్య చెయ్యి చూశాను. వెనక ఏముండాలి తిమ్మయ్యా? ఇప్పుడు చెప్పకపోతే ఐదింటికి పోలీసులు, రేపు విమానం లేదు."

తిమ్మయ్య తల వంచుకున్నాడు.

"బొట్టు మేడం. ఏటా విజయదశమికి పసుపు, కుంకం పెడతా. బాబా చూస్తే హరాం అంటాడని వెనక పెట్టినా."

"ఇంజిన్ మార్చింది ఇతనే అయితే, బొట్టు కోసం అక్కడ తడమడు. మార్చింది ఇతను లీవులో ఉన్నప్పుడు. మామా, ఆ వెనక గది తాళం..."

"డ్రైవర్ కోసం పోలీసులా? నాకెవరూ చెప్పలేదు," అంది మామా. అబాయా లోంచి తాళం చెవి తీసింది.

గదిలో ఇనప స్టాండు మీద పాత ఇంజిన్. వెనకవైపు మాడి పెచ్చుకట్టిన పదకొండు బొట్లు.

"బాబాకు తెలుసు తిమ్మయ్యా," అంది మామా, అరబీలో తనకొచ్చిన హిందీ కలిపి. "ఒక్కటీ తుడవలేదు. మెకానిక్‌ని పిలిపించి మార్పించింది నేను. అందరూ కొత్తదే అడుగుతారన్నారు. కారు పిల్లలది. ఈ చప్పుడు మాత్రం నాది."

పోలీసులు వద్దని పెద్ద కొడుక్కి తనే ఫోన్ చేసింది. రెండు మాటలు. చివరిది, "ఖలాస్."

అచ్చిబాబు ఇంజిన్ వంక చూశాడు. కొనుగోలు కాగితం మీద 'పాత' అన్న మాట కొట్టేశాడు.

"నాకు కొత్తదే చాలండీ."

4.30. మామా స్విచ్ నొక్కింది. గోడలు అదిరాయి. గురువారాల్లో బాబా దివానియాలో, మగవాళ్ల కబుర్ల చావడిలో, కూర్చుని తిరిగొచ్చి, గేటు దగ్గర ఒక్క నిమిషం ఆపే కారు చప్పుడు.



వంటింట్లో రెడ్డెమ్మ ట్రేలో టీ గ్లాసులు పెట్టింది. వెనక గదిలో ఉన్నది నలుగురు. ఆమె ఐదోది కూడా నింపి, బాబాకు వేసే అలవాటుగా మూడు చెంచాల పంచదార వేసింది.