ఎదురు నడక

మామయ్య కోటుకి ఊడిన గుండీ కుడుతోంది ఆమె. ఎదురుగా కూర్చున్న మామయ్య, ఆఫీసులో ఆమెకి చీఫ్, బ్రీఫింగ్ ఇంట్లోనే మొదలుపెట్టాడు.

"విదేశీ ముఠా గొడుగువాణ్ణి దింపింది. గొడుగు మొనలో విషం సూది. పోయినవారం నీ పార్ట్‌నర్‌ని చంపింది వాడే."

ఆమె పళ్ళ మధ్య దారం పుటుక్కున తెగింది.

"వాడి ముఖం ఎవరూ చూడలేదు. ఇవాళ పార్కుకి వస్తాడని కబురు. పార్కులో సరస్సు చుట్టూ అందరూ ఒకే వైపు నడుస్తారు. నువ్వు ఎదురు నడువు. ప్రతి ముఖమూ కనిపిస్తుంది."

"దొరికితే?"

"ప్రాణాలతో కావాలి. కోపం ఇంట్లో పెట్టి వెళ్ళు తల్లీ."

కోపం ఇంట్లో కూర్చునే రకం కాదు. వెంటే వచ్చింది.

ఆకురాలు కాలం. ఒడ్డున దారంతా పసుప్పచ్చని ఆకులు తడిసి నేలకి అతుక్కున్నాయి. జనం గానుగెద్దుల్లా ఒకే వైపు తిరుగుతున్నారు.

"కళ్ళు నెత్తికెక్కాయా?" ఎదురొచ్చిన ఒకావిడ విసుక్కుంది.

బెంచీ మీద ఎర్రకోటు, ఘాటైన సెంటు. మారుపేరు నెమలి. ముఠా జీతం తింటూ చీఫ్‌కి కబుర్లందించే డబుల్ ఏజెంట్.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి." కోడ్ చెప్పింది నెమలి.

"బాతులకి అలవాటే." ఆమె బెంచీ పక్కనే ఆగింది.

నెమలి అద్దం తీసి లిప్‌స్టిక్ దిద్దుకుంటూ గొంతు తగ్గించింది. "వెళ్ళిపో పిల్లా. నీ ఫోటో వాళ్ళకిచ్చింది నేనే. ఇమ్మన్నది మీ చీఫ్. ఎర లేందే వాడు బయటికి రాడట."

మామయ్య ఎదురు నడిపించింది, ఆమె అందరినీ చూడాలని కాదు. అందరూ ఆమెని చూడాలని.

ఒళ్ళు భగ్గుమంది. అంతలో నెమలి అద్దంలో, తన వెనకే, ఒక గొడుగు మొన. వాన లేదు.

గిర్రున తిరిగింది. మొన నడుముకి జానెడు దూరంలో ఉండగా కర్ర ఒడిసిపట్టి, ఒక్క తన్ను తన్నింది. గొడుగువాడు తడి ఆకుల మీద జారి నీళ్ళలో పడ్డాడు. పడవలో చేపలు పడుతున్నట్టు నటిస్తున్న ఇద్దరు ఏజెంట్లు వల విసిరి వాణ్ణి లాగేశారు. అంటే వాళ్ళకీ ముందే తెలుసు.

ఇంటికొచ్చేసరికి మామయ్య టీ కలిపి ఉంచాడు.

"శభాష్. ముందే చెప్తే నీ నడక మారిపోయేది. అందుకే చెప్పలేదు."

"నా పార్ట్‌నర్‌కి చెప్పావా?"

మామయ్య కప్పులో చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

"వాణ్ణీ ఎదురే నడిపించావా మామయ్యా?"

"ఉద్యోగం అన్నాక..."

ఫోన్ మోగింది. బతికిపోయినట్టు అందుకున్నాడు. "ఎస్ సర్. ప్రాణాలతో దొరికాడు సర్. మనవైపు నష్టమా? ఏమీ లేదు సర్."

ఆయన ఆ మాట పూర్తిచేసేలోపే ఆమె చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది.