పావురాల గూటి మీంచి పడినవాడు

“బుర్రలేని సినిమా. రక్తం, జోకు, మళ్లీ రక్తం,” అంది నెర్మీన్, సినిమా హాల్లో పుచ్చగింజ పొట్టు ఊస్తూ.

“మరి నువ్వు రెండోసారి వస్తూ నన్నెందుకు లాక్కొచ్చావ్?”

“ఒక్క సీను కోసం. నా రివ్యూ చదవలేదా?”

షహాతా చదివాడు. పండక్కి వచ్చిన ఆ సినిమాని ఉతికి ఆరేసింది. చివర్లో మాత్రం, ‘డాబా మీద గోపురంలా కట్టిన పావురాల గూటి నుంచి ఖర్జూరం బస్తాలా పడిన పేరులేని మనిషి ఒక్కడే నవ్వించాడు’ అని రాసింది.

సినిమా ఫైట్లలో దెబ్బలు తినేవాడికి పిల్లనివ్వనన్నాడు ఆమె తండ్రి. మానేస్తానని షహాతా మాటిచ్చాకే ఇద్దరి కుడివేళ్లకీ నిశ్చితార్థం ఉంగరాలెక్కాయి. పెళ్లినాడు అవి ఎడమచేతికి మారాలి. ఈలోగా అతని భుజం విరిగింది. ఊళ్లో ఖర్జూరం చెట్టు మీంచి జారానన్నాడు.

“ఇదిగో, చూడు!”

తెర మీద హీరో ఎవర్నో తన్నాడు. పొడవాటి గలాబియా అంగీ గాలికి లేచి పడేవాడి మొహం కప్పేసింది. హాలంతా ఈలలు.

ఆ మనిషి నేల తాకకముందే షహాతా ఎడమచెయ్యి కుడిభుజాన్ని పట్టుకుంది.

నెర్మీన్ నవ్వు ఆపి అతని భుజం వైపు చూసింది.

“చెట్టు మీంచి కాదా?”

“పరుపు కాస్త పక్కకి వేశారు. నిజంగానే అరిచాను. బాగా వచ్చిందని ఉంచేశారు.”

“నాన్నకి మాటిచ్చావు!”

“ఇదే ఆఖరనుకున్నా.”

“ఛీ... ఆ వాక్యం తీసేస్తాను.”

“తియ్యకు. నా గురించి ఎవరైనా రాసింది అదొక్కటే.”

సినిమా అయ్యాక కదిలే పేర్లన్నీ ఆమె వెతికింది.

“గాడిదని తోలుకొచ్చినవాడి పేరు కూడా ఉంది!”

“గాడిద బాగా చేసింది.”

ఆమె నవ్వలేదు. ఫోను తీసి, రివ్యూలో ‘పేరులేని మనిషి’ కొట్టేసి షహాతా అని రాసింది.

“మీ నాన్న చూస్తాడు, నెర్మీన్.”

“పేరులేనివాణ్ని చేసుకోమంటావా?”

శుక్రవారం ఆమె తండ్రి కైరో నుంచి నెర్మీన్ వేలి ఉంగరాన్ని ఫయ్యూమ్ పక్కన షహాతా ఉండే పల్లెకి తిప్పి పంపాడు. మాట తప్పినవాడితో మాటల్లేవన్నాడు.

షహాతా ఫోను తెరిచాడు. తన పేరు కింద జనం నవ్వే బొమ్మలు పెడుతూనే ఉన్నారు. వాటి మధ్య నెర్మీన్ రాసిన ముక్క: ‘నేనూ నవ్వాను. ఇక చాలు. ఆ మనిషి నావాడు.’

ఉంగరం జేబులో వేసుకుని రోడ్డెక్కాడు. కైరో బండి ఆపడానికి కుడిచెయ్యి ఎత్తబోయాడు. లేవలేదు.

ఎడమది ఎత్తాడు.