గొంతులో ఎముక

చీఫ్ ఎక్స్‌రే ఫిల్మ్‌ని లైట్ బాక్స్‌కి తగిలించాడు. ఎవరిదో మెడ. మెత్తగా ఉండాల్సిన గొంతు నిండా తెల్లగా ఎముక.

"ఎవరిది సార్?" అడిగాడు ఏజెంట్ పదకొండు.

"మీ అన్నయ్యది."

తోడబుట్టినవాడు కాదు, ఎనిమిదేళ్లు భుజం కలిపి పనిచేసిన సీనియర్. పదిరోజుల కిందట శవాన్ని సర్దుతూ తల తిప్పబోతే తిరగలేదు. ఆ బిగువు ఏజెంట్ అరచేతుల్ని ఇంకా వదల్లేదు.

"కణం పొరలో ఒక ప్రొటీన్ ఉంటుంది," అన్నాడు చీఫ్. "ఎముక కనబడ్డచోటల్లా పేరుకోకుండా ఆపే పదార్థాన్ని బయటికి పంపుతుంది. మీ అన్నయ్యకి ఎక్కించిన మందు దాని నోరు నొక్కేస్తుంది. ఎముకలు గట్టిపడని పిల్లల కోసం ఒక డాక్టరమ్మ తయారుచేసింది. విదేశీ ముఠా దాన్ని ఆయుధం చేసింది. ఇవాళ మూడింటికి ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో ఆవిడ చేతినుంచి వాళ్లకి మందు సీసా చేరుతుంది."

"ఆవిడ ఎవరి మనిషి?"

"మనకూ కబుర్లు చేరవేస్తుంది, వాళ్లకీ చేరవేస్తుంది."

ఏజెంట్ పదకొండు మూడింటికి టెక్నీషియన్ కోటులో మెషీన్ దగ్గరున్నాడు. తెల్లకోటు, ఎర్రటి పెదాలతో డాక్టరమ్మ అతన్ని గుర్తుపట్టింది. చూపు తిప్పుకుంది.

ముఠా మనిషి కుంటుతూ వచ్చాడు. "మెట్లెక్కలేకపోతున్నాను."

"లిఫ్ట్ రేపటికి బాగవుతుంది," అందామె. కోడ్ కలిసింది. సీసా ఇచ్చింది.

అతను సిరంజి నింపి పిస్టల్ తీశాడు. "పనిచేస్తుందో లేదో చూడాలిగా. ఇతని మీద చూద్దాం."

"మీ ఇష్టం," అందామె తల ఎత్తకుండా.

పిస్టల్ గొట్టం ఏజెంట్ పక్కటెముకలకి ఆనింది. సూది చేతిలో దిగింది. అన్నయ్య గొంతులో తెల్లటి ఆ నీడ అతని కళ్లముందు కదిలింది. కాలితో ఎక్స్‌రే టేబుల్ బిగింపు విడిచే పెడల్ తొక్కాడు. ఇనప టేబుల్ జారొచ్చి ముఠా మనిషి మోకాలిని కొట్టింది. పిస్టల్ ఎగిరిపడింది. మరుక్షణం అతను నేలమీద, చేతులకి బేడీలు.

సిరంజి సగం ఖాళీ.

"ఉప్పునీళ్లే," అంది డాక్టరమ్మ. "అసలు మందు పొద్దున కాల్చేశాను. ఫార్ములా కూడా."

"మా అన్నయ్యకి ఎక్కించింది?"

"అది నేను కలిపిందే. ఎవరికో వాళ్లు చెప్పలేదు. నేను అడగలేదు."

రెండు చేతులూ చాపింది. ఏజెంట్ బేడీలు వేశాడు.

సాయంత్రం రిపోర్టులో 'గాయాలు: లేవు' అని రాశాడు. సంతకం పెట్టబోతూ ఆగి, మెడ ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి తిప్పి చూసుకున్నాడు. రెండువైపులా తిరిగాక, పెన్సిల్‌తో పక్కన రాసుకున్నాడు: 'ఇప్పటివరకు.'