ఆత్మకూరులో సముద్రపు మంచు

ఏజెంట్ చెంచయ్య ఆత్మకూరు బస్టాండులో టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చుకున్నాడు కానీ తాగలేదు. మెడ మీద ఏదో చురుక్కుమంది. తడుముకుంటూనే బెంచీ మీద పక్కకు ఒరిగిపోయాడు. ఎండదెబ్బ అనుకుని జనం మొహాన నీళ్ళు చల్లారు. పోస్టుమార్టంలో ఆ మెడలోంచి విషపు సూది బయటపడింది.

మర్నాడు ఆదివారం. ఉదయగిరి కొండ కింద, విత్తనాల డిపో అని బోర్డున్న ఇంట్లో చీఫ్ సురేంద్రబాబు ఏజెంట్ ఏంజెలిన్‌ను పిలిపించాడు. చెంచయ్య కృష్ణపట్నం పోర్టు నుంచి హైదరాబాదు ల్యాబుకు ఒక స్టీలు సిలిండర్ తీసుకెళుతున్నాడు. దారిలో శత్రువులు వ్యాను ఫ్రీజర్‌ను చెడగొట్టారు. ఆయన వేరే దిక్కులేక దాన్ని ఆత్మకూరు ఐసు ఫ్యాక్టరీలో దాచి, మెసేజ్ పెట్టి, టీ కోసం బస్టాండుకు వెళ్ళాడు.

సిలిండర్‌లో ఏముందని ఏంజెలిన్ అడిగింది.

"అంటార్కిటికా సముద్రపు మంచు. మామూలు ఐసు కాదమ్మాయ్, దాన్నిండా వెంట్రుకంత సొరంగాలుండాయి. వాటిలో ఉప్పునీళ్ళు, నాచు, ఆ నాచు తినే సూదిమొనంత జీవాలు. క్రిల్ అనే రొయ్యజాతి పిల్లలు చలికాలమంతా ఆ మంచు అడుగునే మేస్తాయి. వాటిని తిని చేపలు, పెంగ్విన్లు, తిమింగలాలు బతుకుతాయి. ఇప్పుడేమో సముద్రం వేడెక్కిపోయి ఈ ముక్క దొరికిన అఖాతంలో మంచు ఆలస్యంగా కట్టి తొందరగా పగిలిపోతా ఉండాది. ఈ ఏడు అసలు కట్టలేదు. ప్రాణంతో మిగిలిన ముక్క ఇదొక్కటే."

నీలివల అనే విదేశీ సిండికేట్ కన్ను ఆ అఖాతం మీద పడింది. క్రిల్‌కు మంచుతో పనిలేదు, వాటిని పట్టడానికి మా ట్రాలర్లకు అనుమతి ఇవ్వండి అని వాళ్ళు అంతర్జాతీయ కమిషన్ ముందు వాదిస్తున్నారు. మంచులో ఏముందో, అది లేకపోతే ఏమవుతుందో చూపించే సజీవ సాక్ష్యం ఈ ముక్క. కొంచెం వేడెక్కినా సొరంగాలు కూలిపోతాయి. కరిగిన మంచినీళ్ళు తగిలితే ఆ జీవాలు ఉబ్బి చస్తాయి. అప్పుడు కమిషన్‌కు చూపించడానికి ఏమీ మిగలదు.

ఏంజెలిన్‌కు అదంతా అర్థమైంది. ఆమె చెవుల్లో మాత్రం ఐసు ఫ్యాక్టరీ అన్న మాటే గింగురుమంటోంది. ఆమె నాయన జయపాల్ అక్కడే ఆపరేటర్‌గా పనిచేశాడు. ఆమె ఐదో తరగతిలో ఉండగా, నీళ్ళను గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసు పైపు పగిలింది. అందరూ బయటికి పరిగెత్తారు. వాల్వు కట్టేయడానికి వెనక్కి వెళ్ళిన నాయన మళ్ళీ రాలేదు. ఇప్పటికీ బాత్రూంలో ఫినాయిల్ వాసనకు కూడా ఆమె గుండె దడదడలాడుతుంది.

"ఇంకెవరినన్నా పంపండి సార్. నాకు భయం."

"తెలుసు. మీ నాయనకు రోజూ క్యారియర్ మోసిందానివి. ఆ షెడ్డులో ఏది ఎక్కడుండాదో నీకు తెలిసినట్టు మనోళ్ళల్లో ఎవరికీ తెలీదు."

చీఫ్ ఆమె చేతికి ఒక వాచీ కట్టాడు. సిలిండర్‌కు దగ్గరయ్యేకొద్దీ అది మణికట్టును గిల్లుతుంది. చెవి కమ్మ నొక్కితే తనకు సిగ్నల్ అందుతుందన్నాడు. చెన్నై స్టేషన్ నుంచి సుకుమారి అనే సీనియర్ తోడు వస్తుందని చెప్పాడు.

సోమశిల చేపల వ్యాపారి వేషంలో, నెత్తిన గంపతో ఏంజెలిన్ ఫ్యాక్టరీ గేటు దాటింది. సుకుమారి ముందే వచ్చి ఉంది. నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, షెడ్డు మొత్తాన్ని ముంచేసే సెంటు. గూఢచారి ఇంత అందంగా ఉంటే పనెలా చేస్తుందో అనుకుంది ఏంజెలిన్.

"గిరాకీ ఎట్లుండాది?" అంది సుకుమారి.

"ఐసుంటే చేపల్లేవు, చేపలుంటే ఐసు లేదు."

కోడ్ సరిపోయింది. రిపేరు ఉందని చెప్పి ఆపరేటర్‌ను ఇంటికి పంపేశానని సుకుమారి చెప్పింది. లోపల కంప్రెసర్ గుడుగుడుమంటోంది. నేలంతా పరిచిన చెక్కమూతల కింద ఉప్పునీళ్ళ ట్యాంకు, అందులో వరసగా వేలాడే ఐసు డబ్బాలు. వాటిలో ఏదో ఒకదానిలోనే సిలిండర్ ఉంది. పైపులు చూడగానే ఏంజెలిన్ గుమ్మంలోనే ఆగిపోయింది. సుకుమారి ఆమె భుజం నిమిరింది.

"భయపడబాకమ్మా. ప్రార్థన చేసుకో. నేనూ మీ ఉదయగిరి బాప్టిస్టునే. నెల పిల్లగా ఉన్నప్పుడే మన గుడిలో పాస్టరయ్యగారు నా నుదుట నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చినారు."

ఆ మాట అబద్ధమని ఏంజెలిన్‌కు తెలిసిపోయింది. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, నీళ్ళు చల్లరు. తెలివొచ్చాక, తానుగా ఒప్పుకున్నాక, నీళ్ళలో నిండా ముంచుతారు. పదిహేనేళ్ళప్పుడు సోమశిల నీళ్ళలో నిలబడి ఆమె వణికిపోతుంటే అయ్యగారు అన్న మాట ఇంకా గుర్తుంది. "ఊపిరి బిగబట్టుకో తల్లీ. నేను పట్టుకోనుండాను."

ఆమె చెవి సర్దుకుంటున్నట్టు కమ్మ నొక్కింది. కిటికీ వైపు మూల డబ్బా దగ్గర వాచీ గట్టిగా గిల్లింది. ఆగకుండా నాలుగడుగులు ముందుకు వేసి వేరే డబ్బా చూపించింది.

సుకుమారి చైన్ పుల్లీతో ఆ డబ్బాను లేపి, ఐసు గడ్డను విడిపించే వేడినీళ్ళ తొట్టిలో ముంచింది. జారిపడిన గడ్డ అద్దంలా తేటగా ఉంది. ఉత్త చేపల ఐసు. సుకుమారి కళ్ళద్దాలు తీసింది. చేతిలో పిస్తోలు కనిపించింది.

"ఆ వాచీ ఇటియ్యి."

ఇవ్వక తప్పలేదు. సుకుమారి వాచీ పట్టుకుని డబ్బాల మధ్య తిరిగింది. మూల డబ్బా లేచింది, ఊగుతూ వచ్చి వేడినీళ్ళలో మునిగింది. సుకుమారికి కావలసింది ఆ మంచు కాదు, అది కరిగిపోవడం. తుపాకీ పేలితే ఊరంతా వస్తుంది, అమ్మోనియా అయితే ప్రమాదం అనుకుంటారు అంటూ సుకుమారి పిస్తోలు మడమతో అమ్మోనియా మట్టం చూపే గాజు గొట్టం పగలగొట్టి, బయటికి దూకి ఇనుపతలుపుకు గొళ్ళెం పెట్టింది.

తెల్లటి పొగ బుసకొట్టింది. ఆ వాసన, నాయనను తీసుకుపోయిన అదే వాసన. ఏంజెలిన్ కళ్ళు మండిపోయాయి. పక్కనే కిటికీ ఉంది. అద్దం పగలగొట్టి తల బయట పెడితే బతుకుతుంది. తొట్టి పొగకు అవతల ఉంది. వెళ్ళకపోతే ఎవరూ తప్పుపట్టరు. వెళ్ళాలంటే చచ్చేంత భయంగా ఉంది.

గంప మీది తడిగుడ్డ ముక్కుకు చుట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఊపిరి బిగబట్టి పొగలోకి మునిగింది.

మోకాళ్ళకు చెక్కమూతల అంచులు తగిలాయి. ఒకసారి దారి తప్పి గోడకు గుద్దుకుంది. ఇక్కడే నాయన పడిపోయాడేమో అనుకుంది. చేతికి వెచ్చటి నీళ్ళు తగిలాయి, ఆ పైన గొలుసు. బలమంతా పెట్టి లాగింది. డబ్బా లేచింది. దాన్ని నెట్టుకుంటూ పోయి, ట్యాంకులో తెరిచివున్న గుంట కాలికి తగలగానే దించేసింది. గుండె పగిలిపోతున్నా గోడ పట్టుకుని, నాయన రోజూ చెయ్యి వేసే చోట చెయ్యి వేసింది. వాల్వు అక్కడే ఉంది. తిప్పింది.

ఆమె వెనకే చేపల వ్యానులో బయల్దేరి, దారిలో కమ్మ సిగ్నల్ అందుకున్న చీఫ్ తలుపు బద్దలుకొట్టేసరికి ఆమె గడప దగ్గర బోర్లా పడి ఉంది.

ఏంజెలిన్ కళ్ళకు కట్టిన కట్లు విప్పాక ఆమెను సుకుమారి దగ్గరికి తీసుకెళ్ళారు. నీలివలకు అమ్ముడుపోయి, సోమశిల రోడ్డులో దొరికిన సుకుమారి అడిగిందల్లా ఒక్కటే, తనెక్కడ దొరికిపోయిందని. బాప్తిస్మం మాట దగ్గర అని ఏంజెలిన్ చెప్పింది. ఇంత చిన్నదానికా అంది సుకుమారి.

హైదరాబాదు ల్యాబులో చీఫ్ ఏంజెలిన్‌ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. మంచు అంచులు కరిగాయట కానీ నడుమ నిలిచిందట. చూడాలంటే మళ్ళీ భయమేసింది. చూసింది. సొరంగంలో గాజులాంటి బుల్లిజీవి ఒకటి కాళ్ళు ఆడిస్తోంది.

"రిపోర్టులో ఏజెంట్ భయం లేకుండా పనిచేసిందని రాసినాను," అన్నాడు చీఫ్.

"ఆ ముక్క కొట్టెయ్యండి సార్. మొత్తం భయపడతానే చేసినాను."

మైక్రోస్కోపు కిందున్న జీవి ఈ మాటలేవీ పట్టించుకోలేదు. తలెత్తకుండా నాచు మేస్తోంది.