మసి అంటని మందు

"తొక్కు రఫత్ భాయ్... ఇంకా తొక్కు!"

పికప్ బండి గల్ఫ్‌లోని సఖీర్ ఎడారి రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. రెండు పక్కలా చీకటి. లైట్ల వెలుగులో ఇసుక రోడ్డుకి అడ్డంగా పాకుతోంది.

"తొక్కుతనే ఉన్న! బండికి రెక్కలు మొలుస్తయా ఏంది?"

రఫత్ షూటింగ్ క్లబ్బులో డ్రైవరు. నిజామాబాద్ మనిషి. పక్క సీట్లో అమ్మిరాజు. అదే క్లబ్బులో ప్రాక్టీసు తూటాలు నింపే పని అతనిది. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, మళ్ళీ తుపాకి మందు పోసి, మళ్ళీ గుండు బిగించడం.

ఇప్పుడు అతని గుప్పిట్లో ఒక ఇత్తడి గొట్టం ఉంది.

ఖాళీది!

దాన్ని వదలకుండానే రెండో చేత్తో ఫోన్ కొడుతున్నాడు.

ఫోన్ మోగుతోంది... మోగుతోంది... తన పైవాడు తాహెర్ ఎత్తడం లేదు.

"ఎత్తట్లేదు భాయ్!"

"తానం చేస్తున్నడేమో. మల్ల కొట్టు."

"మరి పోలీసులు?"

"చెప్పిన. హమద్ టౌన్ల తాహెర్ ఇంటికి బయలెల్లిండ్రట. కని మనమే ముంగట చేరెటట్టున్నం."

వీళ్ళకంటే ముందు రాజా వెళ్తున్నాడు. క్లబ్బులో ఆయుధాల గది కాపలావాడు. దొంగచాటుగా తూటాలు బయటికి అమ్ముకుంటుంటే తాహెర్ చూశాడు. వీళ్ళని పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్‌కి చెప్పేశాడు. కఫీల్ ఒక్కటే మాట అన్నాడు. ఖలాస్! ఉద్యోగం పోయింది. తెల్లారితే పోలీసులకి అప్పగింత.

రాజా తెల్లారేదాకా ఆగలేదు. పిస్తోలు నడుముకి దోపుకున్నాడు. అమ్మిరాజు బల్ల మీదున్న తూటాల పెట్టె ఎత్తుకున్నాడు. "ఆ తాహెర్‌గాణ్ణి బతకనియ్యను" అంటూ క్లబ్బు కారెక్కాడు. రఫత్ కళ్ళారా చూశాడు, చెవులారా విన్నాడు.

ఆ పెట్టె!

బల్ల మీద అది ఉండకూడదు. సాయంత్రమే పారేసి ఉండాలి. పారెయ్యలేదు.

"నావల్లే భాయ్... అంతా నావల్లే!"

"నువ్వేం జేసినవ్? దొంగతనం జేసింది వాడు."

అమ్మిరాజు మళ్ళీ ఫోన్ నొక్కాడు.

అసలు పాత మందు మీద మోజు లేనిది అతనికే. దానితో కాల్చిన పిస్తోళ్ళు తోమితోమి చేతులు నల్లగా అయ్యేవి. గోళ్ళలో మసి. అన్నంలో మసి వాసన. వీడియో కాల్‌లో కూతురు ఒకటే నవ్వు... "నాన్న చేతులు కాకి చేతులు!" భార్య నాగమల్లేశ్వరి అయితే మొహమాటం లేకుండా అడిగేసింది. "ఏవండీ, అక్కడ సబ్బులు దొరకవా?"

అది విని తాహెర్ పడీపడీ నవ్వాడు. తూటాల గదికి పెద్ద ఆయనే. జగిత్యాల మనిషి. అమ్మిరాజుకి పని నేర్పిందీ ఆయనే. ఆ మర్నాడే కఫీల్ దగ్గరికి వెళ్ళి, "పిలగాని చేతులు చూడుండ్రి సాబ్" అని కొత్త మందుకి ఒప్పించి వచ్చాడు.

మూడు రకాలు తెప్పించారు. ఒక్కోదానితో కాల్చి, పిస్తోలు గొట్టంలోకి తెల్లగుడ్డ దూర్చి తీశారు. ఒకటి బొగ్గు. ఒకటి బూడిద. ఒక గుడ్డ మాత్రం దాదాపు తెల్లగానే వచ్చింది.

"ఇదే కావాలి భాయ్!" అన్నాడు అమ్మిరాజు. పండక్కి చొక్కా ఏరుకున్నంత సంబరం!

తాహెర్ నవ్వలేదు.

"తమ్మీ, ఇనుకో. పాత మందు గొట్టం నిండ ఉంటది. మరిచిపోయి రెండుసార్లు పోస్తే పొంగి బయట పడ్తది. కండ్లకు దొరుకుతది. ఇది అట్ల గాదు. ఇంతే పడ్తది, అడుగునే ఉంటది. రెండుసార్లు పోసినా కనవడది. అందుకే పెట్టెకు సరిపోయేంత మందే కొలిచి పెట్టుకో. ఆఖరుదానికి మందు మిగల్లేదంటే... ఇంకొక దాంట్ల రెండింతలు పడ్డట్టే. ఆ పెట్టె మొత్తం పారెయ్యి. అసొంటిది పేలిస్తే పిస్తోలు చేతులనే పగుల్తది. తెలిసిందా?"

తెలిసింది. తెలిసి ఏం లాభం?

ఈ సాయంత్రం పని మధ్యలో నాగమల్లేశ్వరి ఫోన్. కూతురికి జ్వరం. మాట్లాడి వచ్చాడు. ఏ గొట్టంలో పోశాడో, ఏది పొయ్యలేదో గుర్తులేదు. గుర్తులేకపోయినా చెయ్యి ఆపలేదు!

ఆఖరి గొట్టానికి మందు మిగల్లేదు.

పెట్టె మొత్తం పారెయ్యాలి. అయినా ఏం చేశాడు? "ఇప్పుడు చెబితే తాహెర్ భాయ్ ఏమనుకుంటాడు... రేపు చూద్దాంలే" అనుకున్నాడు. ఆ ఖాళీ గొట్టం జేబులో వేసుకుని, పెట్టె బల్ల మీదే వదిలి, పిల్లకి ఎలా ఉందో కనుక్కోవడానికి బయటికి వెళ్ళాడు.

రేపు చూద్దాంలే! ఈ మాట కూల్చినన్ని కొంపలు వరదలు కూడా కూల్చవు!

ఇప్పుడు రాజా పేల్చే తూటా మంచిదైతే తాహెర్ పోతాడు. చెడ్డదైతే రాజా పోతాడు. ఎవరు పోయినా అమ్మిరాజు చేతుల మీదుగానే. మసి అంటకపోతే ఏం, పాపం అంటదా?

"వచ్చినం! దిగు!"

హమద్ టౌన్. తాహెర్ ఉండే ఇల్లు. క్లబ్బు కారు వాకిట్లోనే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది!

"నువ్వు పైకి ఉరుకు. నేను మూలకాడ నిలవడి పోలీసులకు ఇల్లు చూపిస్త!"

అమ్మిరాజు మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలీదు.

గదిలో తాహెర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ. తడి జుట్టు. నుదుటికి ఆనించి రాజా పిస్తోలు!

"రాజా! ఆగరా!"

"అడుగేత్తే కాల్చేత్తాను! నీక్కూడా ఒకటుంది!"

"నన్నే కాల్చు. కానీ ముందు ఇది చూడు." అమ్మిరాజు గుప్పిట విప్పాడు. "నువ్వెత్తుకొచ్చిన పెట్టెలో ఆఖరిది ఇదే. దీనికి మందు మిగల్లేదు. అంటే ఇంకోదాంట్లో రెండింతలు పడిపోయింది. అది నీ పిస్తోల్లోనే ఉందేమో! నొక్కావంటే నీ చేతిలోనే బద్దలైపోద్ది రా!"

"అబద్ధం!"

"నా కూతురి మీద ఒట్టు!"

రాజా మొహం పాలిపోయింది. ఇద్దరిదీ తణుకు పక్కే. క్యాంపులో ఒకే గది. కూతురి పేరెత్తి అమ్మిరాజు ఉత్తుత్తి ఒట్లు పెట్టడు. అది రాజాకి తెలుసు.

చెమట. కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడం లేదు.

పిస్తోలు నెమ్మదిగా దిగింది... దిగింది... మంచం మీద పడింది.

రాజా గోడకి జారబడి కూలబడ్డాడు. "ఇంటికాడ అమ్మకేం చెప్పన్రా..." ఏడుస్తున్నాడు.

హమ్మయ్య!

అమ్మిరాజు పిస్తోలు మీద నుంచి కళ్ళు తీశాడు. గండం గడిచింది. కానీ తప్పు బయటపడిపోయింది. తాహెర్ ముందే! తల ఎత్తి ఆయన మొహంలోకి చూడాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

నవ్వు వినిపించింది.

తాహెర్ నవ్వుతున్నాడు!

"శెభాష్ తమ్మీ! ఏం అబద్ధమాడినవ్! బిడ్డ మీద ఒట్టు గూడ ఏసినవ్! వాడు నమ్మనే నమ్మిండు!"

పిస్తోలు ఇప్పుడు తాహెర్ చేతిలో ఉంది!

"అబద్ధం కాదు భాయ్! కింద పెట్టు!"

"ఇగ చాలు. నాటకం అయిపోయింది."

"నిజం భాయ్! ఫోనొచ్చింది... మర్చిపోయాను... రేపు చెబుదామనుకున్నాను..."

"నీకు పని నేర్పింది ఎవలు? నీ చెయ్యి నాకెరుక లేదా? నీ చేతిల అసొంటి తప్పు జరగది."

ఆ మాటకి అమ్మిరాజు ప్రాణం గిలగిల్లాడింది. తిట్టినా బాగుండేది!

తాహెర్ నవ్వు ఆగిపోయింది. రాజా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఇందాకటి చావు భయమంతా ఇప్పుడు కోపమై పొంగుతోంది.

"నా పిలగాండ్లను ఆగం జేద్దామనుకున్నవురా? జన్మల మల్ల ఎవలి ఇంటికీ నడిచిపోవు నువ్వు. కాలుకు ఒక్కటంటే ఒక్కటిస్త!"

"భాయ్, వద్దు! నీ కాళ్ళు మొక్కుతా!"

అమ్మిరాజు దూకాడు.

అందలేదు.

ఢామ్!!!

గదంతా ఒక్క మెరుపు. రోజూ క్లబ్బులో ఆ చప్పుళ్ళ మధ్యే బతికే మనిషి అమ్మిరాజు. ఈ చప్పుడు వేరు.

రాజా కాళ్ళకి ఏమీ కాలేదు.

తాహెర్ గోడకి ఆనుకున్నాడు. చెయ్యి ఉండాల్సిన చోటుకేసి చూసుకున్నాడు. మెడ మీద నుంచి నెత్తురు ధారగా కారుతోంది.

"తమ్మీ..." అన్నాడు, నమ్మలేనట్టు. "నిజమే చెప్పినవా?"