పదకొండు ఇంటూలు

ఏప్రిల్ ఆఖరి గురువారం, షోనా మూడో తరగతి పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్న వేళ, వాళ్ళ నాన్న డూగల్ పోయాడు. స్కాట్లాండులోని అబెర్‌ఫెల్డీ ఊరి చివర ఇంటి ముందు తన పది సీట్ల వ్యాను కడుగుతూ, తడి స్పాంజి చేతిలో ఉండగానే బండి మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. కబురు వచ్చేసరికి పిల్లలు ఏడు తొమ్మిదుల దగ్గర ఉన్నారు. వాళ్ళ చేత అరవై మూడు అనిపించి గానీ ఆమె గది దాటలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు సిగ్గుగా ఉంటుంది.

శవపేటికను గోతిలోకి దించడానికి ఎనిమిది తాళ్ళు, తాడుకొక మనిషి. ఆరో తాడు పట్టవలసిన మేనమామ రైలు అందక రాలేదు. ఎవరో పొడుగాటి మనిషి నిశ్శబ్దంగా ముందుకొచ్చి ఆ తాడు అందుకున్నాడు. అంత్యక్రియలు జరిపించేవాళ్ళ తాలూకు మనిషనుకుంది షోనా. అంతా అయ్యాక, "ఆ పూలదండలు కాస్త సర్దిపెట్టండి," అని పురమాయించింది. అతను మారు మాట్లాడకుండా పద్నాలుగు దండలూ సర్ది వెళ్ళిపోయాడు.

అతని పేరు ఇన్నిస్ అనీ, ఫైఫ్ సముద్రతీరం వాడనీ, మోకాళ్ళ నొప్పులకు తాళలేక నాన్న చలికాలంలో పెట్టుకున్న డ్రైవరనీ ఆమెకు వారం తర్వాత తెలిసింది. క్షమించమని అడగడానికి వెళ్ళింది.

"పర్లేదు మిస్," అన్నాడు ఇన్నిస్. "మీ క్లాసులో పిల్లలు ఎంత బుద్ధిగా ఉంటారో ఆ రోజే తెలిసిపోయింది."

జూలై వచ్చింది. బడికి సెలవులిచ్చారు. వేసవిలో ప్రతి శనివారం డూగల్ ఎనిమిది మందిని ఎక్కించుకుని, సరస్సు ఒడ్డున, కొండ మీదుగా, లయన్ లోయలోంచి రోజంతా తిప్పి తెచ్చేవాడు. ఈ శనివారానికీ ఎనిమిది మంది పేర్లిచ్చారు. ఎక్కడెక్కడ ఆగాలో ఇన్నిస్‌కు తెలియదు, అతను వచ్చింది చలికాలంలో. షోనాకూ తెలియదు. "ఒక్క శనివారం రావే," అని నాన్న అడిగినప్పుడల్లా, "కాపీలు దిద్దుకోవాలి నాన్నా," అనేది.

పెర్త్‌లో ఒకాయన వ్యాను కొంటానంటున్నాడు. ఈ శనివారం సరిగ్గా నడవకపోతే ఇచ్చేద్దామని షోనా అనుకుంది. ఇచ్చేస్తే ఇన్నిస్ ఫైఫ్ వెళ్ళిపోతాడు. ఆ రెండో మాట ఆమె పైకి అనలేదు.

వ్యాను తలుపు అరలో మాత్రం నాన్న మ్యాపు దొరికింది. దారి పొడుగునా పెన్సిలుతో పదకొండు ఇంటూ గుర్తులు. బుధవారం పొద్దున్నే, ఫ్లాస్కులో టీ పోసుకుని, ఇద్దరూ బయల్దేరారు.

మొదటి ఇంటూ సరస్సు ఒడ్డున. దిగీ దిగగానే మిడ్జీలు కమ్ముకున్నాయి. ఆవగింజంత ఉండవు, దోమల్ని మించి కుడతాయి.

"ఇక్కడ ఫొటోలు తీయించాలి కాబోలు," అంది షోనా, ముఖం మీద చేతులాడిస్తూ.

"తీయించొచ్చు మిస్. అందరూ ఎవరి చెంపలు వాళ్ళు వాయించుకుంటున్న ఫొటోలు వస్తాయి."

"నాన్న ఊరికే గుర్తు పెట్టడు."

"సరే, రాసుకుంటున్నా. చెంపదెబ్బల మజిలీ."

రెండో చోట టీ దుకాణంలో స్కోన్లనే బన్నులు కొరకబోతే షోనా పన్ను కదిలింది. మూడో చోట ఏపుగా పెరిగిన దేవదారు చెట్లు తప్ప ఏమీ కనపడలేదు.

"ఈ చెట్ల వెనక ఏముంది?"

"సరస్సు ఉందని నమ్మకం, మిస్."

ఇన్నిస్ మ్యాపు వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసి, ఏదో అనబోయి ఊరుకున్నాడు.

కొండ ఎక్కేసరికి వాన పట్టుకుంది. దారి ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా ఏదైనా వస్తే ఎవరో ఒకరు వెడల్పు చోటు చూసుకుని తప్పుకోవాలి, దాటిపోయేవాళ్ళు చెయ్యెత్తాలి. దాటిన ప్రతివాళ్ళూ వ్యానును గుర్తుపట్టి నవ్వుతూ చెయ్యెత్తి, స్టీరింగ్ ముందు ఉన్నది డూగల్ కాదని చూసి, ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోతున్నారు. ఇన్నిస్ అందరికీ వేలెత్తి బదులిచ్చాడు. షోనా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఏడో ఇంటూ లయన్ లోయలో ఒక గొర్రెల దొడ్డి గేటు ముందు. బండి ఆగగానే గొడుగేసుకుని నెట్టీ అనే ముసలావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఓరి నాయనా, డూగల్ బండి! నువ్వు షోనావి కదూ? ఇక్కడ ఆపారేమిటమ్మా?"

"నాన్న ఇక్కడ ఆపేవాడు కదా, నెట్టీ ఆంటీ?"

"ఆపడమా! నాలుగేళ్ళ కిందట మా కుక్క ఒక జర్మనీ ఆయన పిక్క పట్టుకుంది. మీ నాన్న నా కళ్ళముందే మ్యాపు తీసి ఇంటూ కొట్టాడు. 'నెట్టీ, ఇక జన్మలో నీ గేటు ముందు ఆపను' అన్నాడు. దిగకండి, దిగకండి, అదింకా బతికే ఉంది!"

గేటు వెనక ఏదో గుర్రుమంది. ఇన్నిస్ బండి ముందుకు పోనిచ్చాడు.

షోనా మ్యాపు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. పన్నెండేళ్ళుగా రోజూ పిల్లల కాపీల్లో తప్పులకు తన చేత్తో కొడుతున్న గుర్తే.

"ఇవన్నీ ఆపకూడని చోట్లు," అంది.

"అవును మిస్."

"అవునేమిటి? మీకు తెలుసా?"

"మూడోదాని దగ్గర అనుమానం వచ్చింది. ఐదోదాని దగ్గర ఖాయమైంది."

"మరి చెప్పరేం? అక్కడ బురదలో కూరుకుని బూటు కూడా పోయింది!"

"పోయింది నా బూటేగా." ఇన్నిస్ అద్దం మీద పట్టిన ఆవిరి తుడిచాడు. "చెబితే ఇక చాలు, ఇంటికి పోదాం అంటారు. ఇంకా నాలుగు ఇంటూలున్నాయి. అవి కూడా మీతో చూడాలనిపించింది."

ఈసారి మిస్ అనడం మరిచిపోయాడు.

షోనా నవ్వింది. ఏప్రిల్ తర్వాత నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి ఆగిపోయింది.

"మంచి చోట్లు ఆయన రాసుకోలేదు. ఆయనకు తెలుసు కాబట్టి," అంది. "నాన్న ఎన్నిసార్లో రమ్మన్నాడు, ఇన్నిస్. ఒక్కసారి కూడా వెళ్ళలేదు."

అతను ఓదార్చలేదు. వంతెన దాటాక, ఏరు మలుపు తిరిగే చోట బండి పక్కకు తీసి ఆపాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమెకిచ్చాడు. వాన సన్నబడింది. అవతలి గట్టు మీద గొర్రెలు మేస్తున్నాయి.

"ఇక్కడ బావుంది," అంది షోనా.

"కుక్క లేదు. మిడ్జీలు లేవు. మీరున్నారు."

"శనివారం కూడా నేనుండాలి కదా, అలాగైతే."

"ఉంటారా?"

"సెలవులేగా. కాపీలు లేవు." టీ ఒక గుక్క తాగింది. "రేపు పెర్త్ ఆయనకు ఫోన్ చేసి బండి అమ్మడం లేదని చెబుతాను. నువ్వు ఫైఫ్ వెళ్ళనక్కర్లేదు."

నువ్వు అన్న మాట ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ గొర్రెల్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆమె పెన్సిలు తీసి, ఏటి మలుపు దగ్గర ఒక రైటు కొట్టింది. ఆ పెన్సిలు పట్టుకున్న చేతిని ఇన్నిస్ తన చేతిలోకి తీసుకున్నాడు. ఆమె తీసేసుకోలేదు.

అలా ఒక్క మజిలీ కుదిరింది. శనివారం మధ్యాహ్నం ఎనిమిది మందికి భోజనం ఎక్కడన్నది మాత్రం ఇంకా తేలలేదు.