పది మైళ్ల అబద్ధం

చీఫ్ టేబుల్ మీద పెట్టిన వస్తువును చూడగానే ఏజెంట్ 41కి ఒళ్లు మండిపోయింది.

"ప్లాస్టిక్ సెక్స్‌టెంటా? పిల్లలు ఆడుకోడానికా సార్?"

"ఇత్తడిది రిపేర్లో ఉంది. సూర్యుడి ఎత్తు కొలిస్తే నువ్వెక్కడున్నావో ఇదీ చెబుతుంది. ఓడల స్క్రీన్లు తప్పు చోటు చూపించేలా శత్రు ముఠా దొంగ శాటిలైట్ సిగ్నల్స్ వదులుతోంది. రేపు మధ్యాహ్నం మన ప్యాసింజర్ ఓడను నీటిలో మునిగి ఉన్న రాతిగుట్టలకు గుద్దించాలని ప్లాన్. మూడొందల మంది. కెప్టెన్ మీ బావ."

"బావకు చెప్పేస్తే పోలా?"

"చెప్పాం. స్క్రీన్ బాగానే ఉంది, రుజువు చూపించమన్నాడు. సూర్యుణ్ణి హ్యాక్ చెయ్యలేరుగా! పడవలో ముందుగా వెళ్లి కొలిచి చెప్పు. తోడుగా హంస వస్తుంది."

హంస శత్రు ముఠా నుంచి మనవైపు ఫిరాయించిన అందగత్తె. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, గదంతా సెంటు వాసన.

మర్నాడు పన్నెండు కావస్తోంది. చిన్న తెరచాప పడవ ఊగినప్పుడల్లా సెక్స్‌టెంట్ అద్దంలో సూర్యుడు ఎగిరెగిరి పడుతున్నాడు. ఏ రెండు కొలతలూ కలవడం లేదు. వెనక బావ ఓడ అంతకంతకూ పెద్దదవుతోంది. 41కి ఏడుపొక్కటే తక్కువ.

స్టోర్ కీపర్ ముందే చెప్పాడు. "ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది సార్, దీన్ని నమ్మకండి. కొలిచే ముందూ, కొలిచాకా సున్నాకు తిప్పి సముద్రపు అంచు చూడండి. గీత విరిగినట్టుంటే అంత తప్పున్నట్టు. ఒక్క నిమిషం కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, తప్పితే ఒక మైలు తప్పినట్టే."

41 సున్నాకు తిప్పి చూశాడు. గీత తిన్నగానే ఉంది.

"అద్దం మీద ఉప్పు పేరుకుంది, ఇలా ఇవ్వండి," అని హంస స్కార్ఫ్‌తో తుడిచిచ్చింది.

సూర్యుడు నడినెత్తికొచ్చి ఆగాడు. 41 కొలిచాడు, లెక్క కట్టాడు. గుట్టలు పది మైళ్లు. పడవలోని శాటిలైట్ స్క్రీన్ మీదా పదే.

"చూశారా, ఊరికే హైరానా!" హంస నవ్వింది.

ఓడ పడవను దాటిపోతోంది. 41 పళ్లు కొరుకుతూ మళ్లీ సున్నాకు తిప్పాడు. సముద్రపు అంచు రెండు ముక్కలైంది! తొమ్మిది నిమిషాల కోణం తేడా, అంటే తొమ్మిది మైళ్లు.

మూడు నిమిషాల ఎండకు ఇంత సాగదు. ఎవరో అద్దాన్ని సరిచేసే మర తిప్పారు.

తలెత్తేసరికి హంస చేతిలో లిప్‌స్టిక్ పిస్తోలు.

"ఇత్తడిది వాడేవాళ్లు పొద్దున ఒక్కసారి సున్నా చూసుకుని ఊరుకుంటారే!" ఆమె కసిగా అంది.

41 తెరచాప తాడు వదిలేశాడు. అడ్డకొయ్య గిర్రున తిరిగొచ్చి ఆమె మణికట్టును కొట్టింది. పిస్తోలు సముద్రం పాలైంది. అతను వాకీటాకీ అందుకున్నాడు.

"బావా, ఓడ ఆపు! గుట్టలు మైలు దూరంలో ఉన్నాయి!"

"కచ్చితంగా మైలేనా?"

"రెండు మైళ్లు అటూ ఇటూ!"

"అంటే గుట్టల మీదే ఉన్నానా? అదేం లెక్కరా?"

"లెక్క తర్వాత చెబుతా, ముందు ఆపు! నీకేమైనా అయితే అక్కకు ఏ మొహం చూపించను!"

ఆ గొంతు వినగానే బావ ఓడ ఆపమని ఆర్డరేశాడు. ఇంజన్లు వెనక్కి తిరిగాయి. ఓడ వణుక్కుంటూ చాలా దూరం పోయి ఆగింది. ముక్కుకు వంద గజాల ముందు అలలు రాళ్ల మీద తెల్లగా విరుగుతున్నాయి.

సాయంత్రం హంసను అప్పగించి వచ్చేసరికి ఆఫీసులో ఒక ఫారం సిద్ధంగా ఉంది. 'పరికరం నమ్మదగినదేనా?' అన్నది మొదటి ప్రశ్న.

'కాదు,' అని రాశాడు 41. 'నమ్మి ఉంటే ఓడ మునిగేది.'